రూమ్ ఫ్రీ, బువ్వ ఫ్రీ... మరి ఈఎస్ఐ ఏది?

తాండూరు బండల పాలిష్ యూనిట్ల కాడ అడిగినా, అనంతగిరి దిక్కు రిసార్టులల్ల అడిగినా ఓనర్లది ఒక్కటే మాట: "పోరగాళ్లు నిలుస్తలేరు." నిలబెట్టుకునేటందుకు రూమ్ ఇస్తమంటరు, బువ్వ పెడ్తమంటరు, బండిల దింపుతమంటరు. పెద్ద కంపెనీలైతే వీటికే బెనిఫిట్స్ అని పేరు పెడ్తయి.

ఇది మనకు కొత్తది కాదు. మన తాతల కాలంల జీతగాడికి ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత. చేతికి పైసలు తక్కువ, దొర కాడ అప్పు ఎక్కువ. అప్పు తీరదు, మనిషి కదలడు. ఆ వెట్టిని 1976 చట్టం నేరం చేసింది. అందుకే జీతం కాకుండ ఏమన్న ఇస్తమంటే సంబురపడే ముందు ఒక్క మాట అడగాలె: "నేను పని మానేసిన నాడు నా వెంట ఏమొస్తది?"

రూమ్ వెంట రాదు. పని పోయిన రోజే నెత్తి మీది నీడ కూడ పోతది. ఆ భయానికే ఓవర్‌టైమ్ పైసలు అడిగే నోరు మూతపడ్తది. అడ్వాన్సు గూడ అంతే, కాలికి కట్టిన తాడు. రూమ్, బువ్వ వద్దని కాదు. అవి హక్కులకు తోడు ఉండాలె, హక్కుల జాగల కాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒకాయన చేతికి 16,000 ఇస్తనంటడు, ఇంకేం లేదు. ఇంకొకాయన 15,000 జీతం, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నయంటడు. రెండో కాడ కటింగులు పోను చేతికొచ్చేది 13,087. "మూడు వేలు తక్కువ" అని మొదటి దాంట్ల చేరుతం. కాని రెండో కాడ పీఎఫ్ కింద నీది 1,800, ఓనరుది 1,800 జమయితయి. ఓనరు వాటాల కొంత పింఛనుకు పోతది. ఈఎస్ఐకి నీ జీతంల కోసేది 0.75 శాతం, అంటే 113 రూపాయలే. ఓనరు 3.25 శాతం కడ్తడు. దాంతోని నీకు, నీ ఇంటోళ్లకు వైద్యం. జబ్బుపడి పనికి పోకపోతే, షరతుల ప్రకారం ఏడాదికి 91 రోజుల దాక 70 శాతం కూలి. పని కాడ దెబ్బ తాకితే 90 శాతం. మిషన్ల నడుమ, దుమ్ముల బతికెటోళ్లకు ఇది చిన్న ముచ్చట కాదు.

సర్కారు నౌకరంటే మనోళ్లు పానం ఎందుకు పెడ్తరు? జీతం ఒక్కటే చూసి కాదు. కరణ్‌కోట్ సీసీఐ అసొంటి సర్కారు ఫ్యాక్టరీల పర్మినెంటు నౌకరైతే పీఎఫ్, గ్రాట్యుటీ కాయితం మీద ఉంటయి. ఎవ్వల దయ కాదు. అందుకే మనిషి ఏండ్లకేండ్లు నిలుస్తడు. ఓనర్లు నేర్చుకోవాల్సింది గదే.

పది మంది, అంతకు ఎక్కువ పనిచేసే ఫ్యాక్టరీల, నెల జీతం 21,000 దాటకపోతే ఈఎస్ఐ నీ హక్కు. ఇరవై మంది ఉంటే పీఎఫ్ ఉండాలె. అయిదేండ్లు చేస్తే ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన గ్రాట్యుటీ. 2025 నవంబరు 21 నుంచి అమలైన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం, గడువు పెట్టి నేరుగ తీసుకున్న ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ. కాంట్రాక్టరు పీఎఫ్, ఈఎస్ఐ కట్టకపోతే అసలు కంపెనీ కట్టాలె. "అది కాంట్రాక్టరుది, మాకు తెల్వది" అంటే నడవదు.

చేరిన నాడే మూడు అడుగుర్రి: అపాయింట్‌మెంట్ లెటరు, పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ నంబరు. నెల తిరిగినంక ఫోన్ల పాస్‌బుక్ తెరిచి పైసలు పడ్డయో లేవో చూడుర్రి. రీల్స్ చూసే ఫోనే గది, రెండు నిమిషాల పని. జీతంల కోసి ఖాతాల కట్టకపోతే ఒక్కడివే కొట్లాడకు, తోటోళ్లందరు కలిసి పీఎఫ్ ఆఫీసుల రాతపూర్వకంగ ఫిర్యాదు ఇయ్యిర్రి.