పాతిక చదరపు మీటర్లే ఊరి పంటకు కొలబద్ద

ముదిగుబ్బ : వేరుశెనగ చెట్లు పీకే రోజుల్లో నాలుగు మేకులు, తాడు, టేపు, కాటా పట్టుకుని ఒక ఉద్యోగి పొలానికి వస్తాడు. చాలామంది రైతులు ఆయన్ను పెద్దగా పట్టించుకోరు. కాని దిగుబడి ఆధారంగా పంటల బీమా అమలయ్యే చోట, ఆ పూట ఆయన తూచి రాసుకున్న కాయల బరువే ఊరందరి పరిహారాన్ని తేలుస్తుంది. దీనినే పంట కోత ప్రయోగం అంటారు.

కంటి అంచనాతో చిక్కులు

పూర్వం గ్రామాధికారులు పైరును చూసి రూపాయికి ఇన్ని అణాల పంట అని అంచనా కట్టేవారు. ఇందులో ఒక చిక్కు వుంది. చూసి రాసేవారు ఎప్పుడూ మామూలు పంటకు దగ్గరగానే రాస్తారు. అందువల్ల బాగా పండిన ఏడు లెక్క తగ్గేది, కరువు ఏడు పెరిగేది.

పొలాన్ని లాటరీ పద్ధతిలో ఎంచి, కొంత మేర కోసి తూచే విధానాన్ని 1920లలో బీహారు-ఒరిస్సాలో హబ్బాక్ అనే అధికారి ప్రయత్నించారు. 1940లలో బెంగాల్లో మహలనోబిస్, భారత వ్యవసాయ పరిశోధన మండలిలో పాన్సే, సుఖాత్మే దీన్ని పెంచారు. కోసే మడి మరీ చిన్నదైతే గట్టు మీది చెట్లను కూడా లోపలికి కలుపుకోవడం వల్ల దిగుబడి ఎక్కువగా కనపడుతుందని సుఖాత్మే చూపారు. పెద్ద మడిని ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఎలా చేయాలి?

వేరుశెనగకు మడి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. సర్వే నంబరును ముందుగానే లాటరీ అంకెలతో తీస్తారు. పొలంలో నైరుతి మూల నుంచి అడుగులు లెక్కించి, అక్కడా అంకెల ప్రకారమే మొదటి మేకు కొట్టాలి. మూలకు మూల కొలత 7.07 మీటర్లు వస్తేనే మడి చదరం. పంట బాగున్న చోటుకు అధికారీ, బాగాలేని చోటుకు రైతూ మేకును జరపకూడదు.

నేల గట్టిపడితే ఊడలు తెగి కాయ భూమిలోనే వుండిపోతుంది. దాన్ని తవ్వి ఏరాలి. మట్టి దులిపి తూచాలి. పచ్చి బరువు వేరు, ఎండిన బరువు వేరు. ఆరబెట్టి తూచినదే అసలు లెక్క.

వంద గ్రాములు - నలభై కిలోలు

మడి విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. హెక్టారుకు లెక్క కట్టాలంటే 400తో హెచ్చించాలి. కాటా వంద గ్రాములు తప్పితే హెక్టారుకు 40 కిలోలు తప్పినట్లే. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల ప్రకారం ప్రధాన పంటకు పంచాయతీకి కనీసం నాలుగు ప్రయోగాలు జరగాలి. ఒక్క మడిలో కిలో ఎక్కువ రాస్తే ఊరి సగటు హెక్టారుకు వంద కిలోలు పెరుగుతుంది. ఆ మేరకు నష్టం తగ్గినట్లు కనపడుతుంది.

తక్కువ రాయించుకుంటే మేలనుకోవడమూ పొరపాటే. గడచిన 7 ఏళ్లలో మంచి 5 ఏళ్ల సగటును బట్టి హామీ దిగుబడి కడతారు. కరువులు వరుసగా వచ్చే ఈ ప్రాంతంలో నేటి తక్కువ లెక్క రేపటి హామీనే తగ్గిస్తుంది.

వానకూ కొలతే

వాతావరణ ఆధారిత బీమాలో కాయకు బదులు వానను కొలుస్తారు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. రైతు మట్టి తవ్వి పదను చూస్తాడు. ప్రభుత్వం వర్షమాపకం చూస్తుంది. 2.5 మిల్లీమీటర్లు పడితే వాతావరణ శాఖ లెక్కలో అది వాన రోజే. ఆ తడికి గొర్రు కట్టే రైతు వుండడు. పైగా కొండకు ఒకవైపు కురిసి రెండోవైపు కురవని సీమలో, మాపకం దూరంగా వుంటే దాని అంకె పొలానికి సరిపోదు.

రైతును అడిగి రాసుకునే పద్ధతీ వుంది. విత్తిన తేదీ, వేసిన ఎరువు, చేసిన అప్పు వంటివి అడిగితేనే తెలుస్తాయి. కాని నిరుటి దిగుబడి ఎంత అంటే, మూటల లెక్కలో జ్ఞాపకం వున్నంతే చెప్పగలడు. కొలవగలిగిన దాన్ని కొలవడమే మంచిది.

ఇప్పుడు ప్రయోగం వివరాలు, ఫోటోలు పొలం నుంచే ఫోన్లో పంపే ఏర్పాటు వచ్చింది. అయినా మేకు ఎక్కడ కొట్టారో, కాయ ఏరారో లేదో ఊరివారే చూసుకోవాలి. ప్రయోగం తేదీని, ఎంపికైన సర్వే నంబరును ముందుగా ఊళ్లో చాటించడం, తూకం అంకెను పంచాయతీ కార్యాలయం గోడకు అంటించడం అధికారులు చేయదగిన పనులు. ఆ పొలం రైతు కూడా తూకం అయ్యేదాకా పంట పీకకుండా ఆగవలసి వుంది.