లింకను లేఖ: తాత్పర్యనిర్ణయము

అమెరికా సంయుక్తరాష్ట్రముల కధ్యక్షుఁడైన అబ్రహాము లింకను 1862వ సంవత్సరము ఆగస్టు 22వ తేదిని హొరేసు గ్రీలీ యను పత్రికాధిపతికి వ్రాసిన లేఖ మిగులఁ బ్రసిద్ధము. దక్షిణరాష్ట్రములు సమాఖ్యను వీడి యుద్ధమునకు దిగిన కాలమది. బానిసల విమోచనమున నధ్యక్షుఁడు జాగు చేయుచున్నాఁడని గ్రీలీ తన న్యూయార్కు ట్రిబ్యూను పత్రికలో బహిరంగముగా నాక్షేపింపఁగా, లింకను దానికిఁ బ్రత్యుత్తర మిచ్చెను.

సమాఖ్యరక్షణమే తన లక్ష్యమనియు, ఒక్క బానిసనైనను విడిపింపక దానిని రక్షింపవచ్చునేని యట్లును, అందఱను విడిపించి రక్షింపవచ్చునేని యట్లును, కొందఱను విడిపించి కొందఱను విడిచిపెట్టి రక్షింపవచ్చునేని యట్లును జేయుదుననియు నతఁడు వ్రాసెను. ఇంతమాత్రము చదివి, బానిసల విషయమున లింక నుదాసీనుఁడని కొందఱందురు. ఇది విచార్యము.

"ఏని" యనునది పక్షమును జూపునే కాని నిర్ణయమును జెప్పదు. మఱియు నుపసంహారమున, పైమాటలు తన పదవీధర్మమునుగూర్చినవనియు, మనుష్యులెల్లరు నెల్లెడల స్వతంత్రులు గావలయునను తన యిచ్ఛ మాఱలేదనియు నతఁడే స్పష్టపఱచెను. ఉపసంహారమును విడిచి తాత్పర్యమును నిర్ణయించుట శాస్త్రసమ్మతము గాదు.

సందర్భమును దీనినే బలపఱచును. ఆ లేఖకు నెల ముందే, జూలై 22న, తిరుగుబాటు రాష్ట్రములలోని బానిసలను విడిపించు ప్రకటనపుఁ జిత్తును లింకను మంత్రులకుఁ జదివి వినిపించెను. యుద్ధమున జయము గలుగువఱకు వేచియుండుట మేలని సీవార్డు మంత్రి చెప్పఁగా దానిని నిలిపియుంచెను. ఆంటీటం యుద్ధానంతరము సెప్టెంబరు 22న వెల్లడించెను. 1863 జనవరి 1న నది యమలులోనికి వచ్చెను. కావున లేఖయందలి మూఁడవ పక్షము వ్రాయునాఁటికే యతనికడ సిద్ధమై యుండెను. రెండవ పక్షము, అనఁగా సర్వవిమోచనము, అతఁడు హతుఁడైన పిమ్మట 1865 డిసెంబరున రాజ్యాంగసవరణముచే సిద్ధించెను.

రాజకార్యనిర్వాహకుల లేఖలఁ జదువువారు వ్రాసినదానితోఁ గూడ, వ్రాయక నిలిపినదానిని నరయవలయును.