మీకు తెలుసా? పుడుతూనే విషం!

రక్తపింజర గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. ఒక్క కాన్పులో సాధారణంగా 20 నుంచి 40 దాకా! జానెడు పొడవుండే ఆ పిల్లకు పుట్టేసరికే కోరలూ విషగ్రంథులూ సిద్ధం. గుడ్డు చీల్చుకొచ్చిన నాగుపాము పిల్లా అంతే, అప్పుడే పడగ విప్పగలదు, కాటేయగలదు. పింజర పిల్లలు ఎక్కువగా పుట్టేది జూన్, జూలైల్లో. నల్లమల అంచున రుద్రవరం చేలల్లో ఖరీఫ్ పనులు మొదలయ్యేదీ అప్పుడే. పిల్లపామే కదా అని కాటును తేలిగ్గా తీసుకోవద్దు. పింజర విషం నెత్తురు గడ్డకట్టనివ్వదు, మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. గాటు పెట్టడం, తాడు బిగించడం వద్దే వద్దు. కరిచిన కాలు కదపనివ్వకుండా 108లో వెంటనే ఆసుపత్రికి చేర్చండి. పెద్ద పాము కాటుకిచ్చే విరుగుడు సూదిమందే పిల్లపాము కాటుకూ ఇస్తారు.