అద్దం ముందు ఓడి... అన్నం ముందు గెలిచి!

సినిమా కబుర్లు రాయడం మొదలెట్టినప్పట్నుంచీ జనం నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఏమిటో తెలుసా? "ఫలానా హీరోయిన్ ఏం తింటుందండీ?" అని! అడిగేది సాధారణంగా కాలేజీ అమ్మాయిలు. యీమధ్య అబ్బాయిలూ తోడయ్యారు లెండి. వాళ్ళకి కండలు తిరిగిన హీరోగారి మెనూ కావాలి!

అందుకే యీ వారం ఒక తార తిండి కథ చెబుతాను. కాకపోతే మీరనుకునే కథ కాదిది.

జేన్ ఫోండా! హాలీవుడ్ మహానటుడు హెన్రీ ఫోండా గారి అమ్మాయి. 1937లో పుట్టింది. 'క్లూట్' (1971), 'కమింగ్ హోమ్' (1978) చిత్రాలకు రెండుసార్లు ఉత్తమ నటిగా ఆస్కార్ కొట్టేసింది. 1982లో ఆమె తెచ్చిన వ్యాయామం వీడియో క్యాసెట్ అమెరికాని ఒక వూపు వూపింది. దాన్ని టీవీలో పెట్టుకుని చెమటోడ్చిన ఆడవాళ్ళకి ఆరోగ్యం అంటే ఆమే, ఆమె అంటే ఆరోగ్యం!

అలాంటి మనిషి ఇరవై యేళ్ళకు పైగా ఒక జబ్బుతో రహస్యంగా కాపరం చేసింది. చదువుకునే రోజుల్లోనే పట్టుకుందది. పొట్ట పట్టనంత తినడం, ఎవరూ చూడకుండా వెళ్ళి వాంతి చేసుకోవడం, మొహం కడుక్కుని బయటికొచ్చి నవ్వడం! పన్నెండేళ్ళ వయసులో తల్లి ఆత్మహత్య చేసుకుంది. తన ఒళ్ళు తండ్రికి నచ్చదన్న బాధ మనసులో ముల్లులా వుండిపోయింది. 2005లో అచ్చయిన తన ఆత్మకథలో యీ సంగతులన్నీ ఆమే దాచకుండా రాసుకుంది.

పేరు లేని జబ్బు

విచిత్రం ఏమిటంటే, ఆమె దానితో కుస్తీ పడుతున్న రోజుల్లో ఆ జబ్బుకి పేరే లేదు! జెరాల్డ్ రస్సెల్ అనే డాక్టరు లండన్‌లో తన రోగుల్ని గమనించి 1979లో దాన్ని వివరంగా రాశాడు. 'బులీమియా నెర్వోజా' అని పేరూ పెట్టాడు. పేరు లేని బాధని ఎవరికని చెప్పుకుంటారు?

"మనిషిని చూస్తే తెలియదా?" అంటారేమో. తెలియదు! బులీమియా వున్నవాళ్ళలో చాలామంది బరువు మామూలుగానే వుంటుంది. లోపల మాత్రం దెబ్బ మీద దెబ్బ. కడుపులోని ఆమ్లం పళ్ళ మీది పింగాణీని తినేస్తుంది. బుగ్గల దగ్గరి లాలాజల గ్రంథులు వాస్తాయి. ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. తిండే మానేసే 'అనొరెక్సియా' దీనికి అక్కలాంటిది. లక్షలమందిని తన పాటతో వూపేసిన అమెరికన్ గాయని కారెన్ కార్పెంటర్‌ని 1983 ఫిబ్రవరి 4న పొట్టన పెట్టుకుంది అదే. అప్పటికామెకు ముప్ఫై రెండేళ్ళు! ఇదంతా సరదా డైటింగ్ కాదు బాబూ, ప్రాణాలతో చెలగాటం.

తప్పు నాలుకది కాదు!

"కాస్త నోరు కట్టేసుకుంటే పోలా?" అని పెద్దవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. అసలు చిక్కంతా అక్కడే వుంది!

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ముప్ఫై ఆరుమంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళు తమంతట తామే ముందుకొచ్చారు. ఇరవై నాలుగు వారాలు వాళ్ళకి అర్ధాకలి తిండి పెట్టారు. దాదాపు పావువంతు బరువు తగ్గారు. అంతటితో ఆగలేదు. లోకంలో వేరే కబురే లేనట్టు ఎంతసేపూ తిండి గురించే మాటలు, తిండి గురించే కలలు! వంటల పుస్తకాలు ముందేసుకుని కూచున్నారు. తర్వాత కడుపునిండా పెట్టినా కొందరికి ఎంత తిన్నా తనివి తీరలేదు.

చూశారా? వాళ్ళెవరూ మనసు గట్టిది కానివాళ్ళు కారు. ఆకలి మెదడుని అలా ఆడించింది. పొద్దుటినుంచీ కడుపు మాడ్చుకున్న మనిషి రాత్రి వంటింట్లో గిన్నెలు ఖాళీ చేస్తే అది కక్కుర్తి కాదు, శరీరం చేసే తిరుగుబాటు. తిన్నందుకు సిగ్గు, సిగ్గుతో వాంతి, తెల్లారి మళ్ళీ పస్తు... గానుగెద్దులా అదే చక్రం!

అందుకే యీ జబ్బుకి వైద్యం నోరు కట్టుకోవడం కాదు, వేళకి తినడం! ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అనే డాక్టరు తీర్చిదిద్దిన చికిత్సలో మొదటి మెట్టు అదే. మూడుపూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా వుంచకూడదు. తిన్నదీ, తిన్నప్పుడు మనసులో మెదిలిందీ కాగితం మీద పెట్టాలి. బరువు చూసుకోవడం వారానికి ఒక్కసారే. మన భాషలో చెప్పాలంటే పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పూ అన్నం, సాయంత్రం గుప్పెడు వేరుశెనగలు, రాత్రికి పెరుగన్నం. ఇంతేనా అంటారా? ఏళ్ళ తరబడి అన్నాన్ని శత్రువులా చూసినవాళ్ళకి ఆ పెరుగన్నం ముద్ద ఎవరెస్టు శిఖరం! దానికి డాక్టరు చెయ్యి పట్టుకుని నడవాలి. బాగా చిక్కి శల్యమైనవాళ్ళకయితే ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం కూడా ప్రమాదమే.

జేన్ ఫోండా మాత్రం ఎవరి సాయమూ లేకుండానే బయటపడింది. వయసు మీద పడేకొద్దీ ఒక్కోసారి తేరుకోవడానికి పట్టే కాలం పెరిగిపోతోందనీ, ఇక బతుకో చావో తేల్చుకోవాల్సి వచ్చిందనీ 2023లో, 85 యేళ్ళ వయసులో చెప్పింది. ఆమె ధైర్యానికి జోహార్లు! కానీ ఆ ఒంటరితనాన్ని మాత్రం మీరెవరూ అనుకరించొద్దు. ఆమెకు దొరకని వైద్యం యీనాడు మనకి వుంది.

మనమేం చెయ్యాలి?

2015లో మన 'సైజ్ జీరో' కోసం అనుష్క బరువు పెరిగింది. లావుగా వున్న అమ్మాయి ఆత్మగౌరవం కథ అది. తెర మీద చూసి మెచ్చుకున్నాం సరే, పెళ్ళిపందిట్లో చుట్టాలమ్మాయి కనపడగానే మన నోట్లోంచి వచ్చే మాటేమిటి? "ఏమ్మా, ఒళ్ళు చేశావే!" కోలుకుంటున్న పిల్ల చెవిన పడితే ఆ ఒక్క మాట ఆరు నెలల కష్టాన్ని నీళ్ళపాలు చెయ్యగలదు. "చిక్కి చక్కగా వున్నావ్" అన్నా అంతే! "ఎలా వున్నావమ్మా?" అని వూరుకుంటే మన సొమ్మేం పోతుంది?

ఇంకో మాట. కోలుకోవడమంటే ఇంటర్వెల్ తర్వాత ఒక్క పాటలో జరిగిపోయేది కాదు. నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది. మధ్యలో జారిపడే రోజులూ వస్తాయి. జారినంత మాత్రాన మొదటికి రానట్టే లెక్క. తర్వాతి పూట వేళకి తింటే చాలు, దారి మళ్ళీ దొరుకుతుంది.

ఇది చదువుతూ "ఇది నా సంగతేనే" అని ఎవరైనా వులిక్కిపడితే, వాళ్ళకి నా విన్నపం ఒక్కటే. యీ రహస్యాన్ని ఇవాళే ఒక్కరికి చెప్పెయ్యండి. అమ్మకో, అక్కకో, స్నేహితుడికో. ఎవరూ లేరనిపిస్తే ప్రభుత్వం వారి టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. యీ జబ్బుకి బలం చీకట్లోనే. దీపం వెలిగించారా, సగం పీడ విరగడయినట్టే!