రామగిరి నీతి, తూసీ అఖ్లాఖ్: రాజనీతిని పోల్చవలసిన తీరు

భిన్న సంస్కృతుల రాజనీతి భావనలను పోల్చేటప్పుడు తరచుగా ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. ఒకవైపు నుండి ధర్మశాస్త్ర గ్రంథాన్నీ, మరొకవైపు నుండి రాజుకు హితవు చెప్పే గ్రంథాన్నీ తీసికొని, వాటి తేడాను రెండు నాగరికతల తేడాగా నిర్ణయిస్తారు. హిందూ రాజనీతి అంటే మనుస్మృతి అనీ, ఇస్లామీయ రాజనీతి అంటే షరీఅత్ మాత్రమే అనీ పలువురు అనుకోవడానికి ఇదొక కారణం. ఈ అభిప్రాయం ఎంత అసంపూర్ణమో ఉత్తర తెలంగాణకు చెందిన కవి కూర్చిన ఒక గ్రంథం ద్వారానే గ్రహించవచ్చు.

పాత కరీంనగర్ జిల్లాలో, నేటి పెద్దపల్లి జిల్లాలో, రామగిరి దుర్గం ఉన్నది. దానికి ఉత్తరాన గోదావరి దాటితే పాత ఆదిలాబాదు జిల్లా. 15వ శతాబ్దిలో రామగిరి పాలకుడు ముత్తభూపాలుని మంత్రి కందనామాత్యుడు. మడికి సింగన తన పద్మపురాణాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఈ సింగనే 'సకలనీతిసమ్మతము' అనే సంకలనాన్ని కూర్చాడు. కామందకం, పంచతంత్రం, బద్దెన నీతిశాస్త్రముక్తావళి, శివదేవయ్య పురుషార్థసారం మొదలైన వాటి నుండి పద్యాలను ఏరి, విషయక్రమంలో అమర్చాడు. వీటిలో కొన్ని గ్రంథాలు తరువాత లుప్తమైనాయి. వాటి జాడ మనకు దక్కింది ఈ సంకలనం వల్లనే. దీనిని మానవల్లి రామకృష్ణకవి వెలుగులోకి తెచ్చారు.

ఇందులోని విషయం రాజు, మంత్రి, సేన, కోశం, దుర్గం, గూఢచారి. రాజ్యం నిలవడానికి ఏమి చేయాలన్నదే ప్రధాన ప్రశ్న. వారసత్వం, ఋణం, ప్రాయశ్చిత్తం వంటి విషయాలకు తెలుగులో వేరే గ్రంథమున్నది. అది 13వ శతాబ్దిలో కేతన రచించిన విజ్ఞానేశ్వరీయం. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షర దానికి మూలం. అనగా ధర్మశాస్త్రం వేరు, నీతి వేరు అన్న ఎరుక తెలుగువారికి ఆనాడే ఉన్నది.

ముస్లిం ప్రపంచంలో కూడ ఇటువంటి విభజన కనిపిస్తుంది. అల్ మావర్దీ (మరణం 1058) రచించిన 'అల్ అహ్కాముస్సుల్తానియా' ఖిలాఫత్, న్యాయాధికారం, పన్నులు మొదలైన వాటిని శాస్త్ర దృష్టితో నిర్ణయించే గ్రంథం. సెల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ (మరణం 1092) వ్రాసిన 'సియాసత్ నామా' అటువంటిది కాదు. అది అనుభవజ్ఞుడైన మంత్రి పాలకునికి చేసిన హితబోధ. ఇస్లాంకు పూర్వపు ఇరాన్ రాజు అనుషిర్వాన్‌ను ఆయన న్యాయానికి ఆదర్శంగా చూపడం గమనార్హం. నసీరుద్దీన్ తూసీ (1201–1274) రచించిన 'అఖ్లాఖె నాసిరీ' మరొక శాఖకు చెందినది. గ్రీకు తత్త్వవేత్తల ఆలోచనలను జీర్ణించుకొన్న ఈ గ్రంథాన్ని మొగలుల కాలంలో విరివిగా చదివేవారు.

కాబట్టి మావర్దీ ప్రక్కన కేతనను, నిజాముల్ ముల్క్, తూసీల ప్రక్కన సింగనను ఉంచి చదవాలి. అప్పుడు నిజమైన సామ్యాలు, నిజమైన భేదాలు తెలుస్తాయి.

సామ్యం కొంతవరకు ఉమ్మడి వారసత్వమే. పంచతంత్రం 6వ శతాబ్దిలో అనుషిర్వాన్ కాలాన పహ్లవీ భాషలోకి, 8వ శతాబ్దిలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిలో 'కలీలా వ దిమ్నా'గా అరబ్బీలోకి వెళ్ళింది. సింగన ఏరుకొన్న కథామూలాన్నే బగ్దాదు, ఇరాన్ పాఠకులు తమదిగా చేసుకొన్నారు.

భేదం ఇంకా లోతైనది. నీతిశాస్త్రాలు రాజ్యానికి ఏడు అంగాలు చెబుతాయి: స్వామి, అమాత్యుడు, రాష్ట్రం, దుర్గం, కోశం, బలం, మిత్రుడు. ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) తన ముఖద్దిమాలో ప్రస్తావించిన న్యాయచక్రంలోనైతే రాజ్యం సైన్యం మీద, సైన్యం ధనం మీద, ధనం ప్రజల మీద, ప్రజల క్షేమం న్యాయం మీద ఆధారపడతాయి. మొదటి దానిలో పొరుగు రాజ్యపు మిత్రునికి స్థానమున్నది, న్యాయం ఒక ప్రత్యేక అంగం కాదు. రెండవ దానిలో న్యాయమే ఆధారం, మిత్రుని ప్రసక్తి లేదు. ఒకటి పొరుగు రాజుల మధ్య మనుగడను, మరొకటి ప్రజలతో పాలకుని సంబంధాన్ని ముందుంచుతున్నది.

తూసీ వ్యక్తి శీలంతో ప్రారంభించి గృహ నిర్వహణకు, అక్కడి నుండి పట్టణ పరిపాలనకు వస్తాడు. మనుషుల మధ్య ప్రేమ నిండుగా ఉంటే న్యాయం అవసరమే ఉండదని ఆయన వాదం. సింగన సంకలనానికి ఇటువంటి సోపానక్రమం లేదు. ఎవరిని ఎంతవరకు నమ్మాలన్న జాగ్రత్త అటువంటి నీతిపద్యాల్లో ప్రముఖంగా వినిపిస్తుంది.

ఇందులో ఏది గొప్పదన్న తీర్పు ఇక్కడ అనవసరం. ఇతరుల శాసన గ్రంథాన్ని మాత్రమే చూచి వారికి లౌకిక వివేకం లేదనడం, మన హితోక్తులను మాత్రమే చూపి మనం ఉదారులమనడం, రెండూ అన్యాయమే. తెలుగు, ఉర్దూ రెండూ వినిపించే ఈ జిల్లాల విద్యార్థులకు రెండు సంప్రదాయాలనూ మూలంతో పరిచయం చేసుకొనే అవకాశం ఇతరులకన్న ఎక్కువ. పోలికకు పూనుకొనే ముందు వారు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ రెండు గ్రంథాలూ ఒకే ప్రశ్నకు సమాధానం చెబుతున్నాయా?