పికప్ క్యాబిన్‌లోకి గాలి ఎటు నుంచి వస్తోంది? ఏసీ గ్యాస్ పట్టించే ముందు ఇది చూడండి

ఈసారి వీడియో పంట గురించి కాదు, పంటను మోసే బండి గురించి. ప్రకృతి వ్యవసాయంలో దిగుబడి ఎంత ముఖ్యమో, దాన్ని మనమే తీసుకుపోయి అమ్ముకోవడం కూడా అంతే ముఖ్యం. అందుకే మనలో చాలామంది పికప్ కొన్నారు. వారంలో రెండు మూడు రోజులు మన బతుకు ఆ క్యాబిన్‌లోనే. లోపల మనం పీల్చే గాలి ఎక్కడిదో మాత్రం ఎవరం పట్టించుకోం. నేను కూడా పట్టించుకోలేదు, పోయిన రోహిణి కార్తె దాకా.

మాది మైపాడు పక్క. ఆకుకూరలు, బీర, దోస, కొంచెం మొలగొలుకుల బియ్యం నెల్లూరుకి వేస్తాను. నెలకు రెండుసార్లు చెన్నైకి పోతాను. బండితో సమస్య ఏమిటంటే, ఊళ్లో తిరిగినంతసేపు ఏసీ బాగానే ఉంటుంది. హైవే ఎక్కి 60 దాటగానే ఎడమకాలి దగ్గర వేడి గాలి మొదలు. వెనక ఘనజీవామృతం బస్తాలో, వేపపిండో ఉంటే ఆ వాసన కూడా లోపలికే. వాసన పోవాలని కిటికీ రెండు వేళ్లంత దించితే తగ్గాల్సింది పోయి ఇంకా ఎక్కువవుతుంది! షాపుకి పోతే "గ్యాస్ తక్కువుందన్నా" అన్నాడు. పట్టించాను. నెలకి మళ్లీ అదే మాట, మళ్లీ పట్టించాను. కాలి దగ్గర వేడి అట్టే ఉంది.

అప్పుడే ఒకసారి చెన్నైకి పాపను కూడా తీసుకుపోయాం. తెల్లవారుజామున బయల్దేరాం. నాయుడుపేట దాటాక "నాన్నా, తలనొప్పి" అని, కాసేపటికి కక్కేసింది. ప్రయాణం పడలేదనుకున్నాను. బండి ఆపి దిగితే పది నిమిషాల్లో తేరుకుంది. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అదే వరస. మా ఆవిడ ఒక్క మాట అడిగింది: "కార్లో, బస్సులో ఎప్పుడూ కక్కని పిల్ల, ఈ బండెక్కితేనే ఎందుకు కక్కతా ఉండాది?"

ఆ ప్రశ్నకి జవాబు వెతికితే రెండు తప్పులు దొరికాయి. ఒకటి, వెనక బాడీలో లైటు పెట్టించుకున్నప్పుడు వైరు కోసం సీటు కింద రేకుకి కన్నం వేశారు. ఆ కన్నంలో వైరు చుట్టూ ఉండాల్సిన రబ్బరు రింగు, అదే గ్రామెట్, పెట్టలేదు. రెండు, దానికి కొంచెం ముందు సైలెన్సర్ పైపు జాయింట్ దగ్గర ప్యాకింగ్ కాలిపోయి ఉంది, చుట్టూ నల్లటి మసి. అంటే ఇంజిన్ పొగ కొంత బయటికి, కొంత మా క్యాబిన్‌లోకి. మా పాప పీల్చింది అదే. ఏసీ గ్యాస్‌కీ దీనికీ సంబంధమే లేదు.

గాలి నడిచే దారి

గాలి ఎప్పుడూ ఒత్తిడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి పోతుంది. బండి కదిలేటప్పుడు ముందు అద్దం అడుగున, వైపర్ల కింద, ఒత్తిడి ఎక్కువ. అందుకే కంపెనీ వాళ్లు బయటి గాలి లోపలికి వచ్చే జాలీని అక్కడ పెడతారు. పక్క కిటికీల వెంబడి, క్యాబిన్ వెనక, ఒత్తిడి తక్కువ. లోపలి గాలి బయటికి పోవడానికి చాలా బండ్లలో సీటు వెనక రేకులో చిన్న రబ్బరు రెక్కలు ఉంటాయి. అవి బయటికి మాత్రమే తెరుచుకోవాలి.

ఇక వేగం సంగతి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురు గాలి చదరపు మీటరుకి సుమారు 7 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. 80కి పోతే అది రెండింతలు కాదు, నాలుగింతలు, అంటే సుమారు 29 కిలోలు. ఊళ్లో కనిపించని సందు హైవే మీద బయటపడేది ఇందుకే. షాపు ముందు నిలబెట్టి చూస్తే మెకానిక్‌కి ఏమీ తెలియకపోవడం కూడా ఇందుకే.

కిటికీ కొంచెం దించితే వాసన ఎందుకు పెరుగుతుంది? ఆ సందు పక్కగా దూసుకుపోయే గాలి లోపలి గాలిని బయటికి లాగేస్తుంది. క్యాబిన్‌లో ఒత్తిడి పడిపోతుంది. ఆ లోటు తీర్చడానికి దొరికిన ప్రతి కన్నం నుంచీ గాలి దూరుతుంది: గేర్ రాడ్ కింద చిరిగిన తొడుగు, పెడల్స్ దగ్గర కన్నాలు, ఎండకి బిరుసెక్కి సరిగా మూసుకోని వెనక రెక్కలు. కింది నుంచి వచ్చేది ఇంజిన్ వేడి, వెనక నుంచి వచ్చేది మన సరుకు వాసన. క్యాబిన్ వెనక గాలి సుడి తిరుగుతూ ఉంటుంది కాబట్టి వెనక పోవాల్సిన వాసన ముందుకి రావడంలో వింత లేదు.

దీనికి తాత్కాలిక మందు: కిటికీలు మూసి, లీవర్ బయటి గాలి వైపు పెట్టి, బ్లోయర్ ఎక్కువలో పెట్టండి. లోపల ఒత్తిడి పెరిగి కన్నాల నుంచి గాలి బయటికే పోతుంది. కానీ పొగ వాసన వస్తుంటే ఇది చేయకండి. బానెట్ కింద లీక్ ఉంటే వైపర్ల దగ్గరి జాలీ నుంచి కూడా పొగ వస్తుంది. అప్పుడు అద్దాలు పూర్తిగా దించి, బండి ఆపి, దిగిపోవడమే.

దారం పరీక్ష

గాలి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడానికి మిషన్లు అక్కర్లేదు. జానెడు పుల్లకి సన్నటి నూలు పోగు కట్టండి. బ్లోయర్ ఆపి, లీవర్ లోపలి గాలి వైపు పెట్టి, ఒక కిటికీ కొంచెం దించి, హైవే మీద 60లో పోండి. పక్కన కూర్చున్న మనిషి ఆ పోగును గేర్ తొడుగు, పెడల్స్ పైభాగం, సీటు కింద, సీటు వెనక, తలుపు అంచుల దగ్గర పెట్టి చూడాలి. పోగు ఎక్కడ మన వైపు ఎగిరితే అక్కడ కన్నం ఉన్నట్టు. నడిపే మనిషి ఈ పని చేయకూడదు. కొందరు అగరబత్తితో చూస్తారు. అది వద్దు, ముఖ్యంగా సీఎన్‌జీ బండిలో అసలు వద్దు.

తలుపు బీడింగ్ చూడటానికి ఒక కాగితం ముక్క చాలు. తలుపు మధ్యలో పెట్టి మూసి లాగండి. బిగుతుగా వస్తే బీడింగ్ బాగుంది, జారిపోతే మార్చాలి. తలుపు చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చూడండి.

ఇంకో సంగతి. సీటు వెనక ఖాళీ గోతాలు, పాత పట్టలు కుక్కుతాం. వాటితో రెక్కలు మూసుకుపోతే లోపలి గాలికి బయటికి దారి ఉండదు, కొత్త గాలి కూడా రాదు. అద్దాలన్నీ మూసినప్పుడు తలుపు గట్టిగా వేస్తే తప్ప పడకపోతే, అద్దం కొంచెం దించగానే తేలిగ్గా పడితే, ముందు ఆ గోతాలు తీసి చూడండి.

తీరంలో ఏసీ వేషాలు

"అనంతపురం పోయినప్పుడు ఏసీ బ్రహ్మాండంగా ఉంది, ఇక్కడికి రాగానే ఏమైంది మావా?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఏమీ కాలేదు. మన గాలిలో తేమ ఎక్కువ. ఏసీ ముందు ఆ ఆవిరిని నీరుగా మార్చాలి. ఒక లీటరు నీటిని 100 డిగ్రీల నుంచి 0 డిగ్రీలకి చల్లార్చడానికి ఎంత వేడి తీయాలో, ఒక లీటరు నీరయ్యేంత ఆవిరిని నీరు చేయడానికి దానికి ఐదు రెట్ల కంటే ఎక్కువ వేడి తీయాలి. ఏసీ శక్తిలో పెద్ద భాగం అక్కడే అయిపోతుంది. పొద్దుటంతా పడమటి గాలి పొడిగా కొట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే ఎండ తగ్గినా ఏసీ మందగించినట్టు అనిపించడానికి ఇదే కారణం.

కాళ్ల దగ్గర నీళ్లు: ఆ తేమ నీరుగా మారి సన్నటి పైపు గుండా రోడ్డు మీద పడాలి. ఆ పైపు దుమ్ముతో, ఆకులతో మూసుకుపోతే నీళ్లు ఎడమ పక్క కూర్చున్నవాళ్ల కాళ్ల మీద పడతాయి. పైపు శుభ్రం చేయిస్తే సరి. మ్యాట్ కింద నిలిచిన నీళ్లు ఆరబెట్టకపోతే రేకు తుప్పు పట్టి కొత్త కన్నం పడుతుంది.

గంట తర్వాత గాలి రాకపోవడం: బ్లోయర్ తక్కువలో పెట్టి చాలాసేపు పోతే కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టి గాలికి అడ్డం పడొచ్చు. ఏసీ ఆపి బ్లోయర్ ఒక్కటే పది నిమిషాలు తిప్పండి. మళ్లీ గాలి వస్తే సమస్య మంచుదే. మళ్లీ మళ్లీ అవుతుంటే చలిని కొలిచే సెన్సర్ చూపించండి.

ఏసీ వేసినా గోరువెచ్చగా రావడం: హీటర్ ఉన్న బండిలో ఇంజిన్ వేడి నీళ్లు డ్యాష్‌బోర్డు లోపలిదాకా వస్తాయి. హీటర్ కేబుల్ జారి పూర్తిగా మూసుకోకపోతే చల్లగాలిలో వేడిగాలి కలుస్తుంది. లీవర్‌ని అటూ ఇటూ తిప్పినా తేడా తెలియకపోతే ముందు అది చూపించండి.

అద్దం మీద మసక: మనకి ఈశాన్య రుతుపవనాలు, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు. ఆ రోజుల్లో అద్దం మసకేస్తే వేలితో లోపల రుద్దండి. పోతే తేమ లోపలిది. ఏసీ వేసి, లీవర్ బయటి గాలికి మార్చండి. లోపల పోకపోతే మసక బయట ఉంది. వైపర్ వేసి, అద్దం మీదకి కొట్టే చల్లగాలిని తగ్గించండి.

గ్యాస్ తగ్గడం: ఏసీ గ్యాస్ డీజిల్ మాదిరి ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లో తిరుగుతూ ఉండేది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. "గ్యాస్ పట్టించండి" అనగానే తలూపకుండా "లీక్ ఎక్కడుందో చూపించు" అని అడగండి. తీరం పక్క ఉప్పు గాలికి రేడియేటర్ ముందుండే కండెన్సర్ తొందరగా తినేస్తుంది. రొయ్యల గుంటల పక్కన, బీచ్ రోడ్డులో తిరిగే బండైతే మంచినీళ్లతో మెల్లగా కడుగుతూ ఉండండి. ప్రెషర్ వాష్ దగ్గర పెట్టి కొడితే సన్నటి రేకులు వంగిపోతాయి.

కునుకు, తలనొప్పి

చల్లగా ఉంటుందని లీవర్ ఎప్పుడూ లోపలి గాలి వైపే ఉంచుతాం. ఒక మనిషి ఊరికే కూర్చున్నా గంటకు సుమారు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. చిన్న క్యాబిన్‌లో ముగ్గురు కూర్చుంటే గాలి త్వరగా పాడవుతుంది. తెల్లవారుజామున కళ్లు మూతలు పడటానికి నిద్రలేమి ఒక్కటే కారణం కాదు. అరగంటకోసారి ఐదు నిమిషాలు బయటి గాలి వైపు మార్చండి.

దానికంటే ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ పట్టాల్సిన చోటుని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. డీజిల్ ఇంజిన్‌లో ఇది పెట్రోల్ కంటే తక్కువే అయినా మూసిన క్యాబిన్‌లో తేలిగ్గా తీసుకోకూడదు. పిల్లల మీద ముందు చూపిస్తుంది. బండెక్కితే తలనొప్పి, వికారం, మత్తు, దిగితే తగ్గడం, ఒకేసారి ఇద్దరికి అలా ఉండటం: ఇవి గుర్తులు. మత్తు దిగకపోయినా, మనిషి తడబడుతున్నా 108కి ఫోన్ చేయండి.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 ట్రక్కుల క్యాబిన్లకి కేంద్రం ఏసీ తప్పనిసరి చేసింది. అవి మొత్తం బరువు 3.5 టన్నులు దాటినవి. మన చిన్న పికప్‌లు ఎన్1 కిందకి వస్తాయి, ఆ నిబంధన మనకి లేదు. అందుకే చాలామంది బయట ఏసీ బిగించుకుంటారు, లైట్లు, కెమెరాలు పెట్టించుకుంటారు. తప్పు లేదు. కానీ రేకుకి వేసిన ప్రతి కన్నంలో గ్రామెట్ ఉందో లేదో మీరే వంగి చూడండి. పది రూపాయల రబ్బరు అది.

సరుకు విషయంలో ఒక మాట. జీవామృతం పులుస్తూ ఉంటుంది కాబట్టి డ్రమ్ము మూత బిర్రుగా బిగించలేం, గాలి పోవాలి. ఆ డ్రమ్ముల్ని క్యాబిన్ రేకుకి ఆనించకుండా వెనక ఇరుసు మీదకి వచ్చేట్టు పెట్టి కట్టండి. పట్ట కూడా క్యాబిన్ వెనక గాలి సంచిలా ఉబ్బకుండా బిగించండి.

మా బండికి గ్రామెట్ పెట్టించి, సైలెన్సర్ ప్యాకింగ్ మార్చి, గేర్ తొడుగు కొత్తది వేయించాను. మొత్తం కలిపి నేను ఒక్కసారి గ్యాస్‌కి ఇచ్చిన డబ్బులు కూడా కాలేదు. ఆ తర్వాత పాప రెండుసార్లు చెన్నై వచ్చింది. దారంతా మాట్లాడుతూనే ఉంది, ఒక్కసారి కూడా తలనొప్పి అనలేదు.

దారం పరీక్ష ఎలా చేయాలో, మసి ఎక్కడ వెతకాలో పైనున్న వీడియోలో మా బండి మీదే చూపించాను. ఈసారి లోడు ఎత్తే ముందు మీ బండిలో ఒకసారి చూడండి. ఇంట్లోవాళ్లని ఎక్కించుకునే బండైతే ఈరోజే చూడండి.