తిరుగుతుంది.. చదవదు

హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం చుట్టూ 2000 తర్వాత ఇంజినీరింగ్ కాలేజీలు వరసగా వెలిశాయి. మంగళ్‌పల్లిలో సీవీఆర్, శేరిగూడలో శ్రీ ఇందు, ఖానాపూర్‌లో గురునానక్. ఫైనలియర్ ప్రాజెక్టు రికార్డు బైండింగ్ చేయించి, వెనక అట్టకు కవరు అంటించి, అందులో ప్రోగ్రాం ఉన్న సీడీ పెట్టి ఇవ్వడం అప్పటి రివాజు. అదే కాలంలో ఫొటో స్టూడియోలు పెళ్లి క్యాసెట్లు మానేసి సీడీలు చేతిలో పెట్టడం మొదలుపెట్టాయి. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడంతో సినిమాలు కూడా ఇంటింటికీ చేరాయి. సీటీ, ఎంఆర్ఐ స్కానింగ్ తీయించుకుంటే ఫిల్ముతో పాటు ఒక సీడీ ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఇప్పటికీ ఉంది.

ఇవన్నీ ఇప్పుడు బీరువాల్లో, అటకల మీద ఉన్నాయి. వాటిని చదివే డ్రైవ్ మాత్రం పాత డెస్క్‌టాప్‌లో ఒక్కటే మిగిలింది. కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ ట్రేనే లేదు. ఆ ఒక్క డ్రైవ్ కూడా ఏదో ఒక రోజు డిస్కును గిర్రున తిప్పి, కాసేపు టిక్కుటిక్కుమని, ‘డిస్కు పెట్టండి’ అంటుంది. అప్పుడు వినిపించే తీర్పులు రెండే: ‘లెన్స్ పోయింది, కొత్తది వేసుకోండి’, లేదంటే ‘సీడీ పాడైంది, పారేయండి’. రెండూ చాలాసార్లు పరీక్షించకుండా ఇచ్చేసే తీర్పులే. సీడీ పారేస్తే పోయేది పది రూపాయల ప్లాస్టిక్ కాదు, ఆ ఇంట్లో మరెక్కడా లేని దృశ్యాలు. అందుకే తప్పు ఎక్కడుందో తేల్చకుండా దేన్నీ బయట పడేయొద్దని గట్టిగా చెప్పాలి.

డ్రైవ్ పని చేసే తీరు తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. డిస్కు మీద సమాచారం లోపలి అంచు నుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క గీత. సీడీలో ఒక చుట్టకూ పక్క చుట్టకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74. తల వెంట్రుక మందంలో నలభైకి పైగా సీడీ వరసలు పడతాయి. వాటి మీద లేజర్ కాంతి పడి వెనక్కి వస్తే, ఆ వెలుగులో తేడాలను బట్టి డ్రైవ్ చదువుతుంది. సీడీకి వాడేది 780 నానోమీటర్ల పరారుణ కాంతి, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర కాంతి. రెండూ చదివే డ్రైవ్‌లో రెండు లేజర్లు ఉంటాయన్నమాట. ఒకటి నీరసించినా రెండోది బాగానే ఉండొచ్చు. సినిమా డీవీడీ చక్కగా ఆడుతూ పెళ్లి వీసీడీ మాత్రం తెరుచుకోకపోతే, వెంటనే వీసీడీని తప్పుపట్టకూడదు. డ్రైవ్‌లోని సీడీ లేజరే బలహీనపడి ఉండొచ్చు.

కాబట్టి మొదటి పరీక్షకు స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, నాలుగు రకాల డిస్కులు చాలు. కంపెనీ అచ్చు వేసిన సీడీ ఒకటి, సినిమా డీవీడీ ఒకటి, స్టూడియోలో రాసిచ్చిన సీడీ, డీవీడీ చెరొకటి. ఒక్కొక్కటే పెట్టి చూడండి. అన్నీ చదివి ఒక్కటే మొరాయిస్తే తప్పు బహుశా ఆ డిస్కుది. అచ్చువేసినవి చదివి, రాసినవి చదవకపోతే లేజర్ మసకబారిందనో, లెన్సు మీద దుమ్ము పేరుకుందనో అనుమానించాలి. అచ్చుడిస్కులో గుంటలు ప్లాస్టిక్‌లోనే ముద్రపడి ఉంటాయి. రాసినదానిలో రంగుపూతను లేజర్‌తో కాల్చి గుర్తులు చేస్తారు, అవి అంత స్పష్టంగా ఉండవు. మళ్లీ మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కు వెనక్కి పంపే వెలుగు మామూలు సీడీతో పోలిస్తే సుమారు మూడో వంతే. అందుకే నీరసించిన డ్రైవ్ ముందుగా చేతులెత్తేసేది వాటి దగ్గరే.

ఏదీ చదవకపోతే, అసలు తిరగకపోతే? చాలా డ్రైవ్‌లు ముందు లెన్సును పైకీ కిందికీ కదిపి వెలుగు తిరిగొస్తోందో లేదో చూస్తాయి. రాకపోతే ట్రేలో డిస్కే లేదనుకుని ఊరుకుంటాయి. తిరగడం లేదంటే మోటారు కాలిపోయిందని అర్థం కాదు.

కంప్యూటర్ వైపు చూడాల్సినవీ ఉన్నాయి. ఆన్ చేయగానే బయోస్‌లోకి వెళ్లి డ్రైవ్ పేరు కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపించకపోతే క్యాబినెట్ తెరిచి సాటా కేబుల్, పవర్ కేబుల్ తీసి మళ్లీ బిగించాలి. సగం జబ్బులు అక్కడే నయమవుతాయి. అక్కడ కనిపించి విండోస్‌లో మాయమైతే డివైస్ మేనేజర్‌లో ఆ డ్రైవ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు తిరిగొస్తుంది. అయినా అక్కడ డ్రైవ్ పేరు పక్కన పసుపు గుర్తు పోకపోతే, డిస్కులు రాసే పాత సాఫ్ట్‌వేర్, విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో వదిలేసిన అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే ఎంట్రీలు కారణం కావచ్చు. వాటిని తొలగించే ముందు రిజిస్ట్రీ బ్యాకప్ తప్పనిసరి. ఈ పని తెలిసినవాళ్ల చేత చేయించుకోవడమే మేలు.

ఇంకో సందర్భంలో డ్రైవ్‌కు జబ్బే ఉండదు. విండోస్ 8 నుంచి డీవీడీ సినిమా ఆడించే సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ తీసేసింది. ఫైళ్లు కనిపిస్తాయి, సినిమా మాత్రం ఆడదు. ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్ వేసుకుంటే సరిపోతుంది. అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన డీవీడీ ఆడకపోతే రీజియన్ కోడ్ చూడాలి. అమెరికాది 1, మనది 5. డ్రైవ్‌లో ఆ కోడ్‌ను అయిదుసార్లే మార్చుకోనిస్తారు, తర్వాత చివరిదే స్థిరపడిపోతుంది. యూఎస్‌బీకి తగిలించే బయటి డ్రైవ్ తిరుగుతూ మధ్యలో ఆగిపోతుంటే కరెంటు చాలడం లేదేమో చూడండి. హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్ పోర్టుకే, డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టుకే, పెట్టి చూడాలి.

లెన్సు తుడిచే ముందు

ఇబ్రహీంపట్నం మీదుగా పోయే సాగర్ రోడ్డు దుమ్ముకు, మూత లేని క్యాబినెట్‌కు తోడు ఏళ్ల తరబడి వాడకపోవడం కలిస్తే లెన్సు మీద పొర పేరుకోక మానదు. బ్రష్ ఉన్న క్లీనింగ్ డిస్కు పొడి దుమ్మును తీస్తుంది గానీ జిడ్డును తీయలేదు. జిడ్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. దూది పుల్లకు ఒక చుక్క అద్ది, బరువు వేయకుండా మెత్తగా ఒకసారి తుడిస్తే చాలు. లెన్సు సన్నని తీగల మీద వేలాడుతుంటుంది, గట్టిగా నొక్కితే పని అయిపోయినట్టే. థిన్నర్, అసిటోన్ అసలే తగలకూడదు, లెన్సు ప్లాస్టిక్‌ది. శానిటైజర్ జెల్ వాడితే దానిలోని గ్లిజరిన్ కొత్త పొరలా అంటుకుంటుంది. ప్లగ్గు పీకకుండా మూత తీయవద్దు. సీడీ లేజర్ కంటికి కనిపించదు, కానీ కంటిని కాల్చగలదు.

కొందరు మెకానిక్‌లు లేజర్, లెన్సు ఉండే పికప్ పక్కన ప్రీసెట్ అనే చిన్న సర్దుబాటు స్క్రూను తిప్పి లేజర్‌కు కరెంటు పెంచుతారు. డ్రైవ్ లేచి కూర్చుంటుంది. కానీ ఆ లేజర్ ఆయుష్షు అక్కడి నుంచి త్వరగా తరిగిపోతుంది. ఇది వైద్యం కాదు, తాత్కాలికంగా ఊపిరి పోయడమే. ఆ డ్రైవ్‌తో చేయాల్సిన కాపీలు ఆ పూటే చేసుకోవాలి.

డిస్కులో తప్పుంటే

సీడీ కింది వైపు గీతలు పడితే భయపడతాం, అసలు ప్రమాదం పైన ఉంది. సీడీలో సమాచారం ఉండేది లేబుల్ కిందే. 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కింది వైపు కాపు కాస్తుంది, పైన పలుచని లక్కపూత తప్ప ఏమీ లేదు. పెన్ను మొన గీసుకుని, వెలుగును వెనక్కి పంపే అద్దంపూత రాలితే ఇక అతుకు లేదు. డీవీడీలో సమాచారం రెండు 0.6 మిల్లీమీటర్ల పొరల మధ్య ఉంటుంది కాబట్టి ఆ భయం తక్కువ.

కింది గీతలను డ్రైవ్ కొంతవరకు తనే సరిదిద్దుకుంటుంది. ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ 1960లో ప్రచురించిన గణిత పద్ధతి అందుకు ఆధారం. కిరాణా షాపులో క్యూఆర్ స్టిక్కర్ మూల చిరిగినా డబ్బులు వెళ్తున్నాయంటే అదీ ఆ లెక్క పుణ్యమే. సీడీలో వరస వెంట రెండున్నర మిల్లీమీటర్ల దాకా చెరిగినా అది పూడ్చగలదు. అయితే చుట్ట వెంట సాగిన గీత, చుట్టలను అడ్డంగా కోసిన గీత కన్నా చెడ్డది. అందుకే డిస్కును గుండ్రంగా తుడవకూడదు. మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి.

పెళ్లి వీసీడీలకు ఇంకో బలహీనత ఉంది. మామూలు డేటా సీడీలో అదనంగా ఉండే దిద్దుబాటు పొర వీటిలో ఉండదు. ఎక్కువ వీడియో పట్టించడం కోసం ఆ చోటును వాడేశారు. అందుకే టీవీ కింద ప్లేయర్‌లో కాస్త గళ్లు పడినా ఆడే డిస్కు, కంప్యూటర్‌లో కాపీ చేయబోతే తప్పు చూపించి ఆగిపోతుంది. రాసిన డిస్కులు తరచూ బయటి అంచు నుంచి పాడవుతాయి. చదవడమేమో లోపలి నుంచి మొదలు. జీలకర్ర బెల్లం దాకా చక్కగా వచ్చి, అప్పగింతల దగ్గర బొమ్మ నిలిచిపోవడానికి అదొక కారణం. నలభై డిగ్రీలు దాటే ఎండల్లో అటక మీద రేకు డబ్బాలో పడున్న డిస్కుల రంగుపూత ఇంకా త్వరగా దెబ్బతింటుంది.

మధ్య రంధ్రం దగ్గర బీట కనిపించిన డిస్కును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. 52 ఎక్స్ డ్రైవ్ నిమిషానికి పది వేల చుట్లు తిప్పుతుంది, డిస్కు లోపలే ముక్కలైపోగలదు.

మిగతావాటికి ప్రయత్నం మానకూడదు. ఒక డ్రైవ్ చదవనిది ఇంకొకటి చదువుతుంది. ఇది నిజంగా జరిగే సంగతి, లేజర్ల బలం, అమరిక ఒక్కో డ్రైవ్‌లో ఒక్కోలా ఉంటాయి. స్టూడియోవాళ్లు ఫైనలైజ్ చేయకుండా, అంటే రాయడం ముగించి మూసేయకుండా, ఇచ్చిన డిస్కు దాన్ని రాసిన డ్రైవ్‌లో మాత్రమే తెరుచుకోవచ్చు, అందుకే ఆ స్టూడియోను ఒకసారి అడగండి. డేటా డిస్కులకూ డీవీడీలకూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. చదవగలిగినదంతా ముందు తీసుకుని, చెడ్డ చోట్లు గుర్తుపెట్టుకుంటుంది. అదే డిస్కును మరో డ్రైవ్‌లో పెడితే మిగిలినవి మాత్రమే అడుగుతుంది. వీసీడీలో ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్, డీవీడీలో వీడియో టీఎస్ ఫోల్డర్ ఉంటాయి. ఫోల్డర్‌ను ముక్కలు చేయకుండా మొత్తంగా దించుకోవాలి. స్కానింగ్ సీడీ అయితే బొమ్మలతో పాటు వాటిని చూపించే ప్రోగ్రాం కూడా అందులోనే ఉంటుంది, ఒక్క ఫైలూ వదలొద్దు. రేపు డాక్టరు పాత స్కాన్‌తో పోల్చి చూడాలంటే అదే ఆధారం.

4.7 జీబీల డీవీడీలు పదమూడు దాకా 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పడతాయి. పెన్‌డ్రైవ్ కూడా పాడయ్యేదే, కాబట్టి రెండో కాపీ హార్డ్‌డిస్కులో పెట్టండి. కాపీ అయ్యాక మొదటి రెండు నిమిషాలు చూసి ఊరుకోవద్దు. చివరి పది నిమిషాలు ఆడించి చూడండి, పాడయ్యే భాగం అదే. అది కూడా సరిగ్గా వచ్చేదాకా అసలు డిస్కును పారేయకండి.